నలభై రోజుల పాలు

ఇన్షిరాహ్ బడి గడప తొక్కలేదు గానీ చట్టంలో ఒక్క ముక్క మాత్రం ఆమెకు క్షుణ్ణంగా తెలుసు. కొడుకును దాచిన తల్లిని జైల్లో వేయరు. ఈ ముక్క ఆమెకు ఏ వకీలూ చెప్పలేదు. పన్నెండేళ్ల కిందట ఈజిప్టులోని దుమ్యాత్‌లో వాళ్ల సందులోనే, ఉమ్ సాబిర్, అంటే సాబిర్ తల్లి అని పిలిచే ఆవిడ ఇంట్లో, దొంగతనం చేసి వచ్చి దాక్కున్న ఆవిడ కొడుకును పోలీసులు పట్టుకున్నారు. దాచినందుకు ఆవిణ్ని కూడా బండెక్కించబోయిన కానిస్టేబుల్‌ను ఆఫీసరు కసిరాడు. తల్లిరా ఆవిడ, తల్లి దాస్తే నేరం కాదని చట్టమే రాసుకుంది, చెయ్యి వదులు అన్నాడు. సందంతా కిటికీల్లో నిలబడి విన్నది. తక్కినవాళ్లు వారం తిరక్కుండా మర్చిపోయారు. ఇన్షిరాహ్ మర్చిపోలేదు. మర్చిపోయి ఉంటే ఎంత బావుండేదో.

ఆమె భర్త కొయ్య చెక్కేవాడు. పోయి పదిహేనేళ్లయింది. అప్పటి నుంచి తల్లీ కూతుళ్లిద్దరూ కుర్చీలకు పూతపని చేసుకుని బతుకుతున్నారు. కార్ఖానా నుంచి చెక్కిన కుర్చీలు పచ్చి కొయ్యగా వస్తాయి. వాటిని గరుకు కాగితంతో రుద్ది, సుద్ద పూసి, ఆరాక మళ్లీ రుద్ది, చివర బంగారు రేకు అద్దాలి. వెనక గదిలో నేల నుంచి కప్పు దాకా ఒకదాని మీద ఒకటి బోర్లించిన కుర్చీలే. ఎక్కడెక్కడి పెళ్లికూతుళ్లో కూర్చునే కుర్చీలు ఆ ఇంట్లోంచే వెళ్లేవి. కూతురు రావియకు ముప్పై నిండాయి, పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదో ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

చలికాలంలో ఒక రోజు, మధ్యాహ్నం నమాజు పిలుపు ఇంకా అవ్వకముందే, లుత్ఫీ తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. రంపపు పొట్టు జుట్టు నిండా ఉంది. చొక్కా చేతి మీద రక్తం ఉంది, అది అతనిది కాదు. గోడకు చేరగిలబడి, చిన్నపిల్లాడు బొమ్మ విరగ్గొట్టి చెప్పినట్టు చెప్పాడు.

"అమ్మా, షిహాతా లేవట్లేదే."

షిహాతా అతనితో పాటు కార్ఖానాలో పనిచేసే కుర్రాడు. రంపం దగ్గర నా వంతంటే నా వంతని మాటా మాటా పెరిగింది. లుత్ఫీ ఒక్క తోపు తోశాడు. షిహాతా వెనక్కి పడి తల ఇనుప బల్ల మూలకు కొట్టుకుంది. అంతే జరిగింది. ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాల్సినవాడు ఇటు పరుగెత్తుకొచ్చాడు. సాయంత్రానికి షిహాతా పోయాడని మసీదు మైకులో చెప్పారు.

రావియ చేతిలో గరుకు కాగితం అలాగే ఉండిపోయింది. ముందుగా తేరుకున్నది ఇన్షిరాహే. వెనక గదిలో కుర్చీలు జరిపి, గోడకూ వాటికీ మధ్య మనిషి పడుకునేంత చోటు చేసింది. లుత్ఫీని అందులోకి పంపి, మళ్లీ కుర్చీలు పేర్చింది. రావియ అన్నది ఒక్కటే మాట, ఇది మన పీకల మీదికి వస్తుందమ్మా అని.

"రాదు," అంది ఇన్షిరాహ్. "నేను వాడి తల్లిని. తల్లిని ఏమీ చెయ్యరు. నువ్వు చెల్లెలివి. నోరు మూసుకుని టీ పెట్టు."

ఆమె లుత్ఫీని కనలేదు. పాలిచ్చింది. ముప్పై ఏళ్ల కిందట రావియ పురిటి బిడ్డగా ఉన్నప్పుడు, పై వాటాలో కొత్తగా దిగిన దౌలత్ అనే రెండు నెలల బాలింతకు విషజ్వరం వచ్చి ఆసుపత్రిలో పడింది. ఆమె పసివాణ్ని పట్టుకుని మొగుడు మెట్ల మీద ఏడుస్తూ కూర్చుంటే, ఇన్షిరాహ్ ఆ బిడ్డను లాక్కుని రొమ్ముకు వేసుకుంది. ఒక పక్క రావియ, ఒక పక్క వాడు. నలభై రోజులు. దౌలత్ కోలుకుని ఇంటికొచ్చిన కొన్నాళ్లకే ఆ సంసారం పోర్ట్ సయీద్‌కు వెళ్లిపోయింది. ఎవరి బతుకుల్లో వాళ్లు పడ్డారు.

ఇరవై ఏళ్లకు ఆ పిల్లవాడు పని వెతుక్కుంటూ దుమ్యాత్ వచ్చాడు. కుర్చీలు దింపడానికి వచ్చి రావియను చూశాడు. రావియా చూసింది. వాళ్లిద్దరూ ఎవరికెవరో వాళ్లకు తెలియదు. ఇన్షిరాహ్‌కూ తెలియదు, ఆ పేరున్నవాళ్లు ఎంతమందో, ఏ లుత్ఫీ అయితేనేం, కుదురైనవాడు అనుకుంది. సంబంధం ఖాయమైందని సందంతా జిలేబీలు పంచింది. దుమ్యాత్ జిలేబీ అంటే చేతి వెడల్పున ఉంటుంది. నిశ్చితార్థానికి ఖురాన్‌లోని ఫాతిహా చదువుకునే రోజు పెళ్లికొడుకు తల్లి పోర్ట్ సయీద్ నుంచి వచ్చింది. గుమ్మంలో ఇద్దరాడవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుని రాయిలా నిలబడిపోయారు. పానకం గ్లాసులు అందరి చేతుల్లోకీ వచ్చాక దౌలత్ పక్కన చేరి ఆమె చెయ్యి నొక్కింది. మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు వదినా, పిల్లల్ని బతకనీ అంది.

మూడు రోజులు ఇన్షిరాహ్ కుర్చీలు రుద్దుతూనే ఉంది, ముద్ద దిగలేదు. నాలుగో రోజు మసీదు షేఖ్ దగ్గరికి వెళ్లింది. ఐదుసార్లు కడుపునిండా తాగి ఉంటే చాలు, వాడు నీ కొడుకే, ఆ పిల్లకు అన్నే, ఈ పెళ్లి చెల్లదు అన్నాడాయన. ఐదుసార్లా, నలభై రోజులు తాగాడయ్యా అంది ఇన్షిరాహ్. ఇంటికొచ్చి కూతురి ఉంగరం తనే తీసింది. ఆ షేఖ్ ముందు, అందరూ వినేలా, ఇతను నా అన్న అని రావియ చేత అనిపించింది.

ఆ తర్వాత అతను కొడుకుగానే వచ్చిపోయేవాడు. పండక్కి బాతును తెచ్చేవాడు, ఇన్షిరాహ్ ఉల్లిపాయలు కూరి వండేది. అతనూ పెళ్లి చేసుకోలేదు. అతను వస్తే రావియ వంటింట్లోంచి బయటికి వచ్చేది కాదు. రెండేళ్ల కిందట దౌలత్ చనిపోయింది. తండ్రి ఎప్పుడో పోయాడు. ఇక వాడికి నేనే తల్లిని అనుకుంది ఇన్షిరాహ్. అందులో ఆమెకు కాస్త గర్వం కూడా ఉండేది, దాన్ని మనం తప్పుపట్టలేం.

మర్నాడు పోలీసులు గుమ్మం దాకా వచ్చి అడిగారు. లేడని ఆమె ఒట్టు పెట్టింది. వాళ్లు కుర్చీల గుట్టను చూసి, బంధువులెవరైనా దాచారేమో చూద్దామని పోర్ట్ సయీద్‌కు పోయారు. లుత్ఫీ రెండో రోజే లొంగిపోతానన్నాడు. కూర్చోరా, షిహాతా వాళ్ల కోపం చల్లారనీ, చావు నలభయ్యో రోజు దాటాక నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా అంది ఆమె. అతనికి ఎదురు చెప్పే అలవాటు లేదు.

మూడో రోజు ఇన్షిరాహ్ నల్లబట్టలు కట్టుకుని పరామర్శకు వెళ్లింది. షిహాతా తల్లి రెండు వీధుల అవతలే ఉంటుంది, వెళ్లకపోతే అనుమానం వస్తుంది. అది ఒక్కటే కాదు. ఆమె నిజంగానే ఏడవాలని వెళ్లింది. ఉమ్ షిహాతా జబ్బు మనిషి, ఒక్కడే కొడుకు. గోడ వారన వరసగా ఆడవాళ్లు కూర్చున్నారు. చావింట్లో ఇచ్చే చక్కెర లేని కాఫీ ఇచ్చారు. ఇన్షిరాహ్ ఏడుస్తూనే తాగింది. ఉమ్ షిహాతా ఆమె వైపే చూసి, వాడు నీ పాలబిడ్డ కదక్కా, నీ దగ్గరికి రాలేదూ అని అడిగింది. రాలేదమ్మా అంది ఇన్షిరాహ్.

అప్పుడా తల్లి రెండు చేతులూ పైకెత్తింది.

"వాణ్ని దాచినవాళ్లెవరో వాళ్ల బిడ్డ కోసం నాలాగే వాళ్ల కడుపు కాలాలి దేవుడా. ఆమీన్ అనండమ్మా."

వరస వరసంతా ఆమీన్ అంది. తన వంతు వచ్చేసరికి ఇన్షిరాహ్ కూడా అంది. ఇంటికొచ్చి గుమ్మంలోనే కూర్చుని, రావియను పిలిచి, ఆ పిల్ల తలను ఒళ్లోకి లాక్కుంది. ఏమైందని రావియ అడిగితే, ఏమీ లేదే, జుట్టు దువ్వుదామని అంది.

దాచుకున్న మనిషిని పట్టించినవి సిగరెట్లు. అలవాటున్న మనిషి పొగ లేక ఆ కుర్చీల వెనక చేతులు నలుపుకుంటూ కూర్చోవడం తల్లికి కనపడలేదు. కూతురికి కనపడింది. పదేళ్లు వంటింట్లోంచి బయటికి రాని పిల్లకు అతను ఏ సిగరెట్ తాగుతాడో తెలుసు. తల్లికి చెప్పకుండా, పక్క సందులో అయితే పసిగడతారని రెండు వీధులు నడిచి వెళ్లి, రోజుకో ప్యాకెట్ కొని తెచ్చేది. అదే కొంప ముంచింది. ఆ అంగడి ఉమ్ షిహాతా ఇంటి ఎదురుగా ఉంది. మగదిక్కు లేని ఇంట్లో సిగరెట్లు ఎవరికమ్మా అని అంగడివాడి పెళ్లాం ఎవరితోనో అంది, అది పోలీసుల చెవిన పడింది.

తొమ్మిదో రోజు సాయంత్రం నమాజు అయ్యాక పోలీసులు వచ్చారు. ఈసారి గదిలోకి వెళ్లి కుర్చీలు ఒక్కొక్కటే దింపారు. ఆఖరి వరసకు రాకముందే లుత్ఫీ తనే లేచి, చేతులు ముందుకు చాపి బయటికి వచ్చాడు. ఆ మూలవి జాగ్రత్తండీ, పూత తడిగా ఉంది అన్నాడు.

తననూ రావియనూ కూడా రమ్మన్నప్పుడు ఇన్షిరాహ్ దాదాపు నవ్వింది. తల్లినయ్యా నేను, తల్లిని పట్టుకెళ్లరు, మీ చట్టమే కదా అంది. ఆఫీసరు లుత్ఫీ గుర్తింపు కాగితాలు తీసి చదివాడు. తల్లి పేరు దౌలత్ అని ఉంది. మరి నువ్వు ఎవరు అని అడిగాడు. ఆమె చెప్పింది. నలభై రోజులనీ, ఒక పక్క రావియ, ఒక పక్క వాడనీ, షేఖ్ కూడా తేల్చాడనీ చెప్పింది. ఆఫీసరు చెడ్డవాడు కాదు, అడ్డు చెప్పకుండా విన్నాడు. విని, బండెక్కు పెద్దమ్మా అన్నాడు.

వకీలు బహ్జత్ మర్నాడు ప్రాసిక్యూటర్ ఆఫీసు వరండాలో ఆమెకు విడమర్చి చెప్పాడు. దాచడం నేరం. కన్న తల్లిదండ్రులకూ, తాత అవ్వలకూ, కన్న బిడ్డలకూ, కట్టుకున్న వాళ్లకూ మాత్రం మినహాయింపు ఉంది. పాలిచ్చిన తల్లి ఆ పట్టీలో లేదు. పాలచెల్లెలు అసలే లేదు. అంటే ఈ నేరంలో నీకూ నీ కూతురికీ చెరో వాటా ఉంది.

"ఇదే కోర్టయ్యా," అంది ఇన్షిరాహ్. ఆమెకు కోపం కంటే దిగ్భ్రమ ఎక్కువగా ఉంది. "ఈ పిల్లలిద్దరికీ పెళ్లి చేసి ఉంటే, చెల్లదని కొట్టేసేది ఈ కోర్టే కదా?"

అవునన్నాడు బహ్జత్. అది పై అంతస్తులో, కుటుంబాల కోర్టు, అక్కడ పాలు లెక్కకొస్తాయి. ఇది కింది అంతస్తు, ఇక్కడ రావు. ఆయన దాన్ని రైలు వేళలు చెప్పినట్టు చెప్పాడు, పాపం రోజూ చెప్పే మాటలే మరి. దౌలత్ బతికి ఉండి దాచి ఉంటే కేసే లేదు. రావియ అతని పెళ్లామై ఉండి దాచినా కేసే లేదు. ఆ ముక్క కూడా ఆయన పనిలో పనిగా చెప్పేశాడు. పక్కనే రావియ బెంచీ మీద కూర్చుని ఉంది. తల వంచుకుని, గోళ్ల సందుల్లో ఎండిన సుద్ద గీకుకుంటోంది.

నన్ను వదిలెయ్, పిల్లను బయట పడెయ్యడానికి దారి చెప్పు అంది ఇన్షిరాహ్. ఒక్కటే దారి ఉందన్నాడు బహ్జత్. ఇంట్లో మనిషి ఉన్నట్టు ఆ పిల్లకు తెలియదనాలి. సిగరెట్లు తల్లి కోసం కొన్నదనాలి. అతనితో ఏ సంబంధమూ లేదనాలి. ఇన్షిరాహ్ కూతురి దగ్గరికి వెళ్లి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, అనవే తల్లీ, ఒక్క మాట అంది. పదేళ్ల కిందట షేఖ్ గుమ్మంలోనూ అలాగే గడ్డం పట్టుకుంది. ఆ సంగతి ఇద్దరికీ గుర్తొచ్చింది.

ముందు ఇన్షిరాహ్‌ను పిలిచారు. ప్రాసిక్యూటర్ చిన్న వయసువాడు, నిద్ర చాలని కళ్లు. దాచింది నేనే, తిండి పెట్టింది నేనే, పిల్లకు తెలీదు, సిగరెట్లు నాకే అని ఆమె గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"నువ్వు సిగరెట్లు తాగుతావా పెద్దమ్మా?"

"తాగుతానయ్యా. మా ఆయన పోయిన బెంగలో అలవాటైంది."

అతను తన ప్యాకెట్ ఆమె ముందుకు జరిపాడు. ఇన్షిరాహ్ ఒకటి తీసుకుంది. మొగుడు తాగడం ఇరవై ఏళ్లు చూసింది కాబట్టి పట్టుకోవడం తెలుసు. గుమాస్తా అగ్గిపుల్ల గీశాడు. మొదటి గుక్కకే ఛాతీలో మంట లేచి కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆమె దగ్గలేదు. దగ్గును మింగింది. మింగి, మరో గుక్క లాగింది. నిప్పు వేలికి అంటేదాకా, ఆ సిగరెట్ మొత్తం, ఆ ముసలిది తాగింది. ప్రాసిక్యూటర్ ఆఖరిదాకా చూశాడు. అతనికి తెలియకపోలేదు. గుమాస్తా వైపు తిరిగి, తాగుతుంది అని రాయి అన్నాడు.

తర్వాత రావియను పిలిచారు. ఎదురుగా నిలబెట్టడానికి బేడీలతో లుత్ఫీని కూడా తెచ్చారు. ఇన్షిరాహ్‌ను గోడ పక్కన నిలబెట్టారు. ముగ్గురూ ఒకే గదిలో ఉండడం, లుత్ఫీ పారిపోయి వచ్చిన ఆ రోజు తప్పిస్తే, పదేళ్లలో అదే మొదటిసారి.

ఇతను నీకేమవుతాడు అని అడిగాడు ప్రాసిక్యూటర్.

రావియ లుత్ఫీ బేడీల వైపు చూసింది. లుత్ఫీ అందుకుని, అయ్యా ఆ పిల్లకి నేనున్నట్టే తెలీదన్నాడు. నిన్ను అడగలేదు అని అతన్ని ఆపారు. అతను రావియ వైపు చూసి తల కొద్దిగా ఊపాడు, అనెయ్ అన్నట్టు.

"ఏమీ కాడు," అంది రావియ.

గుమాస్తాకు వినపడలేదు. గట్టిగా చెప్పమ్మా, రాసుకోవాలి అన్నాడు.

"అతను నాకేమీ కాడు."

ఆ మాటను కాగితం మీదికి ఎక్కించి, కింద సంతకం పెట్టించారు. ఆ సంతకంతో పిల్ల బయటపడింది. గోడ పక్కన ఇన్షిరాహ్ తలముసుగు అంచు నోట్లో కుక్కుకుంది. ఆమె కోరుకున్నదే జరిగింది. అయినా కూతురి గొంతు విన్నాక, తను ఆ పిల్లను రెండోసారి అతని నుంచి తెంచానని ఆమెకు తెలిసింది.

లుత్ఫీకి ఐదేళ్లు వేశారు, ఆమెకు ఏడాది. తీర్పు చదువుతూ జడ్జి, ఆ రోజే వచ్చి లొంగిపోయి ఉంటే వేరేగా చూసేవాణ్నని, తొమ్మిది రోజులు దాక్కోవడం కనికరానికి అడ్డొచ్చిందని అన్నాడు. రెండో రోజు వస్తానన్నవాణ్ని కూర్చోబెట్టింది ఎవరు? వరండాలో ఆమెకు ఉమ్ షిహాతా ఎదురైంది. తిట్టలేదు, మీద పడలేదు. దగ్గరికి వచ్చి, మెల్లగా అంది.

"నా ఇంట్లో కాఫీ తాగావక్కా. నువ్వు కూడా ఆమీన్ అన్నావు."

ఇన్షిరాహ్ వంగి ఆమె చెయ్యి కళ్లకద్దుకోబోయింది. ఆవిడ చెయ్యి ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

రెండు నెలలకు మొదటి ములాఖత్ వచ్చింది. రావియ తెల్లారకముందే లేచి రెండు బాతులు వండింది, ఉల్లిపాయలు కూరి, ఎండు నిమ్మకాయ వేసి. ఒక సంచీ అతనికి, ఒకటి తల్లికి. ముందు మగవాళ్ల జైలుకు వెళ్లి, అక్కణ్నుంచి బస్సులో ఆడవాళ్ల జైలుకు వచ్చింది. తల్లి ముందు బల్ల మీద రెండు సంచీలూ పెట్టింది.

ఇన్షిరాహ్ రెండో సంచీ వైపు చూసింది. ముడి వేసింది వేసినట్టే ఉంది.

"వాణ్ని చూశావా?"

"గేటు దగ్గర అడిగారమ్మా, నువ్వేమవుతావని."

ఏం చెప్పావని ఇన్షిరాహ్ అడగలేదు. అన్నా చెల్లెళ్లంటే కాగితాల్లో తండ్రి పేరు ఒకటై ఉండాలి. లేదా పెళ్లి కాగితం ఉండాలి. ఏమీ కాడని రాసి సంతకం పెట్టింది ఉండనే ఉంది. వాడి పేరు మీద ఆ గేటులోంచి వెళ్లగలిగేవాళ్లు ఈ లోకంలో ఎవరూ మిగల్లేదు. ఐదేళ్లూ వాణ్ని చూడ్డానికి ఎవరూ రారు.

రావియ బల్ల చెక్క మీద గరుకును అరచేత్తో తడిమింది. తర్వాత, పదేళ్లలో ఒక్కసారీ అనని మాట అంది. కోపంగా కూడా అనలేదు.

"ఆ రోజు నువ్వు షేఖ్ దగ్గరికి వెళ్లకుండా ఉంటే, ఇవాళ నాకు గేటు తీసేవాళ్లమ్మా."

దేవుడికి భయపడి నిజం చెప్పాను అనొచ్చు. అది నిజమే. కానీ ఆ నిజం ఎవరికీ అన్నం పెట్టలేదు. ఇన్షిరాహ్ రెండో సంచీ ముడి విప్పింది. బాతు చల్లారి, కొవ్వు తెల్లగా పేరుకుంది. దాన్ని రెండుగా చీల్చి, ఒక సగం కూతురి ముందు పెట్టింది.

"తినవే. పారేయకూడదు, వాడిది."

ఇద్దరూ తిన్నారు. కాపలా మనిషి వేళయిందని గొలుసు కదిపింది. ఉప్పు సరిపోయిందా అని రావియ అడిగింది. సరిపోయిందని ఇన్షిరాహ్ చెప్పింది.